ఫార్ములా పేజీకి పిన్ను కొట్టండి

పిల్లలకు ఫ్యాక్టోరియల్ నేర్పాలనుకుంటే మొట్టమొదట చేయాల్సిన పని, పుస్తకంలో ఆ ఫార్ములా ఉన్న పేజీని పక్క పేజీతో కలిపి పిన్ను కొట్టేయడం. పైన ఒకటి, కింద ఒకటి, రెండు పిన్నులు. చింపకండి, తర్వాత పనికొస్తుంది. కానీ ఓ పది రోజులపాటు ఆ పేజీ మొహం పిల్లలు చూడకూడదు. ఇంట్లో ఇంటర్ చదివే అన్నో అక్కో ఉండి "ఇంతేగా, ఐదు ఇంటూ నాలుగు ఇంటూ మూడు..." అని చెప్పబోతే, వాళ్లను ఏదో పని మీద బజారుకు పంపండి.

ముప్పయ్యేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, నేనే ఇలా అంటున్నానేమిటని మీకు అనిపించవచ్చు. అన్నేళ్లు చెప్పాను కాబట్టే అంటున్నాను. ఐదుగురిని ఐదు కుర్చీల్లో ఎన్ని రకాలుగా కూర్చోబెట్టవచ్చు? బోర్డు మీద 5! అని వేసి, పక్కన 120 అని రాసి, కింద గీత గీసేదాన్ని. పిల్లలు చక్కగా ఎక్కించుకునేవాళ్లు. పరీక్షలో మార్కులూ వచ్చేవి. ఒకరోజు ఎందుకో "ఆ 120లో ఏవైనా ఓ పది చెప్పండర్రా" అన్నాను. క్లాసంతా తెల్లమొహాలు వేసింది. మూడో నాలుగో చెప్పి ఆగిపోయారు. 120 అన్న అంకె వాళ్ల నోట్సుల్లో ఉంది, ఆ 120 వరసలు మాత్రం ఎవరి కళ్ల ముందూ లేవు. ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. తోటి మాస్టర్లు సిలబస్ అవదన్నారు. నిజమే, కొన్నిసార్లు అవలేదు కూడా.

రెండో సలహా. ఈ లెక్క ఇంటినిండా మనుషులున్న రోజే మొదలుపెట్టండి. చదువంటే గది తలుపు వేసి, టీవీ కట్టేసి, నిశ్శబ్దంగా కూర్చోబెట్టాలని అందరూ అనుకుంటారు. ఈ ఒక్క లెక్కకు అది పనికిరాదు. ఇది మనుషుల్ని వరసలో పెట్టే లెక్క, దానికి మనుషులు కావాలి. పుస్తకంలో ఉండే ఏ, బీ, సీలు కుర్చీలో కూర్చోరు, "నేను చివర కూర్చోను, ఎండ పడుతుంది" అనరు. మా కరీంనగర్ వైపు దసరా సెలవులకు ఆడపిల్లలందరూ బతుకమ్మకు పుట్టింటికి వస్తారు. నేను మా మనవరాలికి ఈ లెక్క చెప్పింది అప్పుడే. వాకిట్లో చాప పరిచి నలుగురిని వరసగా కూర్చోబెట్టాను: వాళ్ల తాతయ్య, మామయ్య, అత్త, అమ్మమ్మనైన నేను. "మమ్మల్ని ఎన్ని రకాలుగా మార్చి కూర్చోబెట్టగలవే?" అని అడిగాను.

పిల్ల క్షణం ఆలోచించి "పది" అంది. 4, 3, 2, 1 కూడింది.

ఇక్కడే నా మూడో సలహా, దీన్ని తల్లిదండ్రులెవరూ ఒప్పుకోరు. తప్పు చెప్పినప్పుడు దిద్దకండి. "కాదమ్మా, కూడకూడదు, గుణించాలి" అన్న మాట నాలుక చివరి దాకా వస్తుంది, మింగేయండి. నేను "సరే, ఆ పదీ రాసి చూపించు" అన్నాను. అంతే. ఆ రోజు రాత్రికి ఆమే నోట్సు పట్టుకొని వచ్చింది. "అమ్మమ్మా, పది కాదు, పన్నెండు."

పన్నెండు ఎలా వచ్చాయో చూస్తే నాకు భలే ముచ్చటేసింది. పూర్తి పేర్లు రాయడం ఎందుకని పిల్ల మొదటి అక్షరాలే రాసుకుంది. తాతయ్యకు తా, మామయ్యకు మా, అమ్మమ్మకు అ, అత్తకు అ. ఇద్దరు 'అ'లు. "తా మా అ అ" ఒక్కసారే రాసింది, నేను ముందున్నా అత్త ముందున్నా కాగితం మీద ఒకేలా కనిపిస్తుంది మరి. అలా 24 రావాల్సిన చోట సరిగ్గా 12 వచ్చాయి. ఒకే రకం వస్తువులు రెండుంటే రెండు ఫ్యాక్టోరియల్‌తో భాగించాలన్న సూత్రం పుస్తకంలో చాలా పేజీల తర్వాత వస్తుంది. దాన్ని ఆమె మొదటి రోజే, తెలియకుండానే, తప్పు లెక్కలో కనిపెట్టింది. నేను అప్పుడే దిద్దేసి ఉంటే ఆ పన్నెండు పుట్టేవే కావు.

మర్నాడు చాప మీద నేనూ మా కోడలూ చోటు మార్చుకొని కూర్చున్నాం. "ఇప్పుడు రాసుకో" అన్నాను. నోట్సులోకి చూసింది, మమ్మల్ని చూసింది, నాలుక కరుచుకుంది. అప్పటి నుంచి నేను 'మ్మ', అత్త 'త్త'.

ఈసారి 23 వచ్చాయి.

ఆ 23 దగ్గర మేం ఒక పూటంతా గడిపాం. నా ముప్పయ్యేళ్ల పాఠాలన్నీ ఒక ఎత్తు, ఆ పూట ఒక ఎత్తు. ఏదో ఒకటి తప్పిపోయిందని పిల్లకు అనుమానం వచ్చింది, కానీ ఏదో తెలియదు. వరసలు రాసింది కూడా ఎలా తోస్తే అలా, కలగాపులగంగా. నేను జవాబు చెప్పలేదు, ఒక్కటే అడిగాను: "మీ తాతయ్య ఎన్నిసార్లు ముందు కూర్చున్నాడు?" లెక్కపెట్టింది. ఆరుసార్లు. మామయ్య ఆరు. అత్త ఆరు. అమ్మమ్మ ఐదు. "నిన్ను ఒకసారి తక్కువ కూర్చోబెట్టాను" అంది నొచ్చుకుంటూ. తర్వాత నేను ముందున్న ఆ ఐదింటినీ విడిగా రాసుకుంది. నా పక్కన తాతయ్య రెండుసార్లు ఉన్నాడు, మామయ్య రెండుసార్లు, అత్త ఒక్కసారే. అత్త వెనక తాతయ్య, ఆయన వెనక మామయ్య, ఆ వరస ఉంది. అయితే తప్పిపోయింది "మ్మ త్త మా తా". దొరికింది! పిల్ల ఎగిరి గంతేసింది. మమ్మల్ని అదే వరసలో చాప మీద కూర్చోబెట్టి మరీ చూసుకుంది.

గమనించారా, తప్పిపోయినదాన్ని వెతికేటప్పుడే లెక్క మొత్తం బయటపడింది. ముందు కూర్చునేవాళ్లు నలుగురు, ఒక్కొక్కరి వెనకా రెండో చోటుకు ముగ్గురు, వాళ్ల వెనక ఇద్దరు, ఆఖరి చోటుకు మిగిలినవాళ్లే. నాలుగు ఆర్లు 24. గుణించమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అందుకే పిల్లలను మొదట చిందరవందరగానే రాయనివ్వండి. పద్ధతిగా రాసే కిటుకు ముందే చెప్పేస్తే ఏ వరసా తప్పిపోదు, ఏదీ తప్పిపోకపోతే వెతికే పనీ ఉండదు.

ఇదేదో నేను కొత్తగా కల్పించిన పద్ధతి కాదు. ఇంటర్ తెలుగు మీడియం పుస్తకంలో ఈ పాఠం పేరు ప్రస్తారాలు. ప్రస్తారం అంటే పరచడం. వడియాలు ఎండలో పరిచినట్టు, ఉన్నవన్నీ ఒక్కటీ వదలకుండా కళ్ల ముందు పరచడం. పాఠం పేరే పరచమంటుంటే మనం పరచకుండా ఫార్ములాతో మూటగట్టేస్తున్నాం. ఛందస్సు చదివినవాళ్లకు గురులఘువుల ప్రస్తారం తెలుసు. సంగీతంలోనూ ఉంది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో ఏడు స్వరాలను ఎన్ని వరసల్లో మార్చవచ్చో చెప్పాడు, 5040. ఊరికే అంకె చెప్పి వదల్లేదు. ఫలానా నంబరు వరస ఏదో, ఫలానా వరస నంబరెంతో తేల్చే పద్ధతులు కూడా ఇచ్చాడు. నారాయణ పండితుడు 1356లో గణితకౌముదిలో వరసలను ఒకదాని తర్వాత ఒకటి తప్పిపోకుండా రాసుకుంటూ పోయే నియమం చెప్పాడు. ఇక ఫ్యాక్టోరియల్‌కు వేసే ఆ ఆశ్చర్యార్థకం గుర్తు వాడకంలోకి తెచ్చింది క్రిస్టియన్ క్రాంప్ అనే ఆయన, 1808లో. అంతకుముందు ఇన్ని వందల ఏళ్లు గుర్తు లేకుండానే లెక్క నడిచింది కదా. మీ పిల్లకు పది రోజులు నడవదా?

భాస్కరాచార్యుడు 1150లో లీలావతిలో ఇచ్చిన లెక్క పిల్లలకు తప్పకుండా చెప్పండి. విష్ణువుకు నాలుగు చేతులు, వాటిలో శంఖం, చక్రం, గద, పద్మం. ఏ చేతిలో ఏది ఉందన్నది మార్చుకుంటూ పోతే ఎన్ని మూర్తులు? 24. పూజకు ముందు ఆచమనం చేస్తూ పెద్దవాళ్లు చదివే కేశవ నామాలు ఎన్నో లెక్కపెట్టమనండి, కేశవ నుంచి శ్రీకృష్ణ దాకా. అవీ 24. ఒక్కో పేరుకు ఒక్కో వరస. శిల్పులు మూర్తిని గుర్తుపట్టేది ఆ వరసతోనే. మా ఆయన రోజూ పొద్దున ఆ పేర్లు చదువుతారు, చిన్నప్పటి నుంచీ. మనవరాలు ఎదురుగా కూర్చొని వేళ్ల మీద లెక్కపెట్టి, తన నోట్సు తెచ్చి, తాతయ్య ఒక్కో పేరు అంటుంటే ఒక్కో వరస పక్కన టిక్కు పెట్టింది. ఆ పూట ఆచమనం కాస్త నెమ్మదిగా సాగింది.

పలకా బలపం పట్టే పసివాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లనూ వదలకండి. క, ల, ప. మూడక్షరాలు, ఆరు మాటలు: కలప, కపల, లకప, లపక, పకల, పలక. అర్థమున్నవి రెండే, చుట్టూ ఉండే చట్రం కలప, రాసే చోటు పలక. రెండూ ఆ పిల్లాడి చేతిలోనే ఉన్నాయి. తర్వాత మ, మ, త ఇవ్వండి. ఆరు రావు, మూడే వస్తాయి. ఎందుకో పెద్ద పిల్లే చిన్నవాడికి చెబుతుంది, తన ఇద్దరు 'అ'ల సంగతి గుర్తుంది కాబట్టి.

నలుగురి తర్వాత ఐదుగురు. ఇక్కడ చాలామంది నన్ను వారిస్తారు. "నలుగురితో అర్థమైపోయింది కదా, 120 రాయించడం దేనికి, పిల్ల చెయ్యి నొప్పి పుడుతుంది." రాయించండి. లాంగ్ నోట్‌బుక్ పేజీని ఐదు నిలువు గళ్లు చేసి, ఒక్కో గడి మీద ముందు కూర్చునేవాళ్ల పేరు పెట్టి, దాని కింద 24 వరసలు. పూర్తయ్యాక ఆ పేజీని కాస్త దూరంగా పట్టుకొని చూస్తే ఐదు గళ్లు, గడిలో నాలుగు గుంపులు, గుంపులో మూడు జతలు, జతలో రెండు వరసలు కనిపిస్తాయి. 5, 4, 3, 2, 1 మొత్తం ఒక్క పేజీలో, బొమ్మలా. ఆ పేజీ చూసిన పిల్లకు తర్వాత పిన్ను తీసి ఫార్ములా చూపించండి. "ఓ, ఇదా" అంటుంది, పాత చుట్టాన్ని చూసినట్టు.

షరతులున్న లెక్కలకు కండువా వాడండి. ఫలానా ఇద్దరూ పక్కపక్కనే ఉండాలి అన్న లెక్కలో "ఆ ఇద్దర్నీ ఒకరుగా అనుకోండి" అంటుంది పుస్తకం. అనుకోవడం పిల్లలకు కష్టం. నా చీర కొంగుకు మా ఆయన కండువా ముడేశారు, బ్రహ్మముడి. మాతో పాటు ఇంకో ముగ్గురు, మొత్తం ఐదుగురం. ఇప్పుడు కదిలేవి నాలుగే, నేనూ ఆయనా కలిపి ఒకటి, ఆ ముగ్గురూ. 24 వరసలు. ముడి విప్పకుండానే మేమిద్దరం అటూ ఇటూ మారొచ్చు కాబట్టి 48. ఆడవాళ్లు ఇటే ఉండాలని పెద్దలెవరైనా పట్టుబడితే మళ్లీ 24. ఇక ఐదుగురున్న పెళ్లి ఫొటోలో మాటల్లేని ఇద్దరు వియ్యంకులున్నారు, పక్కపక్కన నిలబడరు. వాళ్లను విడదీసి లెక్కపెట్టాలంటే ముందు ముడేసి చూడమంటాను. 120లోంచి ఆ 48 తీసేస్తే 72. నేరుగా లెక్కపెట్టబోతే నాకే తికమక అవుతుంది.

గుండ్రంగా కూర్చునే లెక్కకు నాకు తెలిసి బతుకమ్మను మించింది లేదు. ఆరుగురు ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. ఎన్ని వరసలు? వరసగా నిలబడితే 720. కానీ వీళ్లు అడుగు వేసిన ప్రతిసారీ అందరూ ఒక చోటు జరుగుతారు, ఎవరి పక్కన ఎవరున్నారన్నది మాత్రం మారదు. చుట్టంతా తిరిగి వచ్చినా అదే వరస. ఆరు జరుగుళ్లకూ ఒకటే లెక్క కాబట్టి 720ని 6తో భాగిస్తే 120. సద్దుల బతుకమ్మ రోజు మా మనవరాలు మధ్యలో తంగేడు, గునుగు పేర్చిన తాంబాలం పక్కన నిలబడి చూస్తూ, "అమ్మమ్మా, మీరు ఎంత తిరిగినా కొత్త వరస రావట్లేదు, ఎవరో ఒకరు చోటు మారాలి" అంది. పాట మధ్యలో మా చెల్లెలు నిజంగానే చోటు మారింది.

720 ఒక్కరే రాయకూడదు. అది మాత్రం శిక్ష అవుతుంది. ఆరుగురు పిల్లల్ని పోగేసి, ఎవరు ముందు కూర్చునే వరసలు వాళ్లే రాయాలని చెప్పండి, తలా 120. మా ఇంట్లో సెలవులకు వచ్చిన నలుగురు, పక్కింటి ఇద్దరు కలిసి రాశారు. ఆరు కాగితాలు గోడకు అంటించాం. ఒక కాగితంలో 119 ఉన్నాయని తెలిసినప్పుడు మిగతా ఐదుగురూ దాని మీద పడి వెతికారు.

ఏడు దగ్గర చేతిరాత ఆపండి. ఇంగ్లండులో చర్చి గంటలు మోగించేవాళ్లు ఇక్కడ ఆగలేదు. అక్కడ ఒక్కో గంటకు ఒక్కో మనిషి తాడు పట్టుకొని, మోగించిన వరస మళ్లీ రాకుండా మోగిస్తూ పోతారు. ఏడు గంటలకు 5040 వరసలు, దాదాపు మూడు గంటల పని. 1963లో లఫ్‌బరోలో ఎనిమిది మంది ఎనిమిది గంటలతో మొత్తం 40320 వరసలూ మోగించారు, దాదాపు 18 గంటలు, మధ్యలో ఎవరూ తాడు వదలకుండా. ఇది చెప్పినప్పుడు పిల్లల కళ్లు చూడండి. ఆ తర్వాత భాస్కరుడి ఇంకో ప్రశ్న అడగండి: శివుడికి పది చేతులు, పాశం, అంకుశం, పాము, డమరుకం, కపాలం, త్రిశూలం, ఇలా పది వస్తువులు. ఎన్ని మూర్తులు? 3628800. సెకనుకు ఒక మూర్తి చొప్పున చూసినా రాత్రీ పగలూ రెప్ప వేయకుండా 42 రోజులు పడుతుంది. సరిగ్గా 42, లెక్క వేసి చూడండి, ఒక్క సెకను అటూ ఇటూ కాదు. క్రికెట్ బ్యాటింగ్ ఆర్డరుకు పదకొండు మంది కాబట్టి 39916800. సెకనుకొకటి రాసినా ఏడాది దాటుతుంది. ఆరుదాకా చేత్తో రాసిన పిల్లకు ఈ అంకెల బరువు వేళ్లలో తెలుస్తుంది. రాయనివాళ్లకు అవి కామాలున్న పెద్ద అంకెలు, అంతే.

"ఎంట్రన్స్ పరీక్షలో ఒక్కో ప్రశ్నకు నిమిషం టైము, మీరేమో పది రోజులంటున్నారు" అని మా అల్లుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నేను చదువుకునే రోజుల్లో మాస్టర్ అనే ఇంగ్లిషు మాట అక్షరాలన్నిటినీ అటూ ఇటూ మార్చి, వచ్చిన మాటల్ని నిఘంటువు వరసలో పెడితే మాస్టర్ ఎన్నోది అని అడిగేవారు. జవాబు 257. నేను అర నిమిషంలో చేసేదాన్ని. కానీ దానికి ముందున్న 256 మాటలు ఎప్పుడూ చూడలేదు. రిటైరయ్యాక ఒక ఎండాకాలం కూర్చొని రాశాను. 'ఎ'తో మొదలయ్యేవి 120, 'ఇ'తో మొదలయ్యేవి 120, అప్పటికి 240. తర్వాత 'ఎం' వచ్చింది, దాని వెనక 'ఎ' వచ్చింది, ఇంకో పదహారు మాటలు దాటాక ఆ మాట దానంతటదే కలం కిందకు వచ్చి నిలబడింది. నా జీవితంలో ఒక లెక్క జవాబును అలా ఎదురెళ్లి కలుసుకోవడం అదే మొదలు. అర నిమిషంలో చేయడం తర్వాతైనా వస్తుంది. ఎక్కడ భాగించాలో, ఎక్కడ ముడేయాలో, ఎక్కడ గుండ్రంగా తిప్పాలో మా మనవరాలికి ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు, అన్నీ ఆమె చేతి మీదుగా వెళ్లినవే. పరీక్ష హాల్లో టైము తినేది ఆ తడబాటే కదా.

ఆఖరుగా సున్నా. సున్నా ఫ్యాక్టోరియల్ ఒకటి అని పుస్తకం చెబితే పిల్లలు నమ్మరు, నమ్మకూడదు కూడా. దాన్ని పాఠం మొదట్లోనో మధ్యలోనో చెప్పకండి. చుట్టాలందరూ వెళ్లిపోయే రోజు దాకా ఆగండి. దసరా అయిపోయింది, జమ్మి ఆకు పంచుకున్నాం, మామయ్య వాళ్లు పొద్దున్నే బస్సెక్కారు. తాతయ్య పొలానికి వెళ్లారు. వాళ్లమ్మ బ్యాగు సర్దుతోంది. చాప ఇంకా వాకిట్లోనే ఉంది. "ఇప్పుడు దీని మీద ఎవరూ లేరు. లేనివాళ్లను ఎన్ని రకాలుగా కూర్చోబెడతావు?" అన్నాను. పిల్ల చాపకేసి చాలాసేపు చూసింది. తర్వాత నోట్సు తీసి, అన్ని వరసలూ అయిపోయిన చోట కొత్త గీత ఒకటి గీసి, దాని మీద ఏమీ రాయకుండా వదిలి, పక్కన 1 అని వేసింది.